ముగ్గురు అమ్మమ్మల పాప

మణికొండలో ఇల్లు దొరకడానికి మొరెనికెకు అక్కరకొచ్చింది మొగుడి పేరే. ఆయన పేరు బొలాజీ. నైజీరియాలో ఇబాదన్ అనే ఊరివాడు. చదువుకని హైదరాబాద్ వచ్చి, చదువయ్యాక హైటెక్ సిటీలో ఒక కంపెనీలో కుదురుకున్నాడు. ఊరికి వెళ్లి మొరెనికెను పెళ్లాడి వెంట తెచ్చుకున్నాక, స్నేహితులతో పంచుకునే గది సరిపోక ఇంటి వేట మొదలుపెట్టాడు.

ఫోన్ చేసినప్పుడు అందరూ రమ్మనేవారు. మనిషిని చూశాక, "అయ్యో, ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అనేవారు. ఒకావిడయితే తలుపు సగమే తీసి, "మాంసం తినేవాళ్లకు ఇవ్వమండీ" అంది. ఆమె వెనక వంటింట్లో కోడికూర ఉడుకుతోంది. మొరెనికెకు అప్పటికి తెలుగు ఒక్క ముక్క రాదు గాని, ఆ వాసనకు భాష అక్కర్లేదు. మెట్లు దిగాక బొలాజీ ఆమె మాటకు అర్థం చెప్పేసరికి, అంత ఎండలోనూ రోడ్డు పక్కన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

చివరికి పాత ఊరి వైపు ఒక సందులో మూడంతస్తుల ఇంటికి వేలాడుతున్న బోర్డు చూసి ఫోన్ చేశారు. ఎత్తినాయన సాయిలు. ఇంటి యజమాని. చుట్టూ టవర్లు లేవకముందు అక్కడే వరి పండించిన మనిషి.

"పేరేంది?" అన్నాడు.

"బొలాజీ సార్."

"బాలాజీనా? మంచిది. ఫ్యామిలీయే గద? రాండ్రి, సూస్కోండ్రి."

వాళ్లు వెళ్లేసరికి సాయిలు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరినీ చూశాడు. వాళ్ల వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెడ చాచి చూశాడు. "బాలాజీ ఏడి?"

"నేనే సార్."

సాయిలు కుర్చీలో వెనక్కి ఆనుకుని గడ్డం గోక్కున్నాడు. ఆ తటపటాయింపు మొరెనికెకు అప్పటికే బాగా అలవాటైంది. ఇక తిరిగి పోదామనుకుంటుండగా, లోపలి నుంచి ఆయన భార్య నీలమ్మ చేతిలో గిన్నెతో వచ్చింది. నెరిసిన జుట్టు, నుదుట పెద్ద బొట్టు. పెద్ద మనిషి ఎదురుపడితే ఇబాదన్‌లో ఆడపిల్ల ఏం చేస్తుందో మొరెనికె అదే చేసింది. రెండు మోకాళ్లూ నేలకు ఆనించి, తల వంచి, "మామా" అంది. వాళ్ల ఊళ్లో పెద్దావిడను పిలిచే పిలుపు అది.

సాయిలు కుర్చీలోనే ఎగిరిపడ్డాడు. "నన్నా పిలిచింది?"

"నాకు మొక్కి నిన్నెందుకు పిలుస్తది?" అని నీలమ్మ గిన్నె కింద పెట్టి, మొరెనికెను రెండు రెక్కలూ పట్టుకుని లేపింది. "లే బిడ్డా, లే. సల్లగుండు. గిప్పుడు మన పెద్దోళ్లకు మన పిల్లలే మొక్కుతలేరు." మామా అంటే మామయ్య అవుతుందని అప్పుడే నేర్పి, "పెద్దమ్మా అను" అంది. మొరెనికె "పెద్దమ్మా" అంది. సాయిలు గొంతు సవరించుకున్నాడు. "ఫోన్ల రమ్మన్న. అన్న మాట అన్నట్టే. నీళ్లు మాత్రం జర సూసుకొని వాడాలె. ఎండకాలమొస్తే ట్యాంకరే దిక్కు."

అలా పై అంతస్తులో దిగారు. బొలాజీ అక్కడ బాలాజీగా స్థిరపడిపోయాడు. మొరెనికె పేరును నీలమ్మ నాలుగుసార్లు చెప్పించుకుని, "రేణుకనే గద" అని తేల్చేసింది. "మా ఎల్లమ్మ తల్లి పేరు. మంచిగుంటది."

పొద్దున్నే బొలాజీ బండెక్కి పోయేవాడు. ఇల్లు చడీచప్పుడు లేకుండా అయిపోయేది. ఇబాదన్‌లో మొరెనికె పుట్టి పెరిగిందే తల్లి కుట్టుకొట్టులో. లోపల నాలుగు మిషన్ల మోత, గుమ్మంలో ఎప్పుడూ ఎవరో ఒక మనిషి. ఇక్కడ కూరగాయలకు వెళితే జనం చూసే చూపులు ఒకటి, జడల మీద చెయ్యి వేసి చూసే పిల్లలు ఒకటి. వాటికంటే ఆమెకు తోచనిది పలకరింపు సంగతి. వాళ్ల యొరుబా భాషలో అన్నిటికీ పలకరింపు ఉంది. పని చేసుకునేవాళ్లకు ఒకటి, కూర్చున్నవాళ్లకు ఒకటి, ఎండలో నడిచి వచ్చినవాళ్లకు ఇంకొకటి. పలకరించకుండా మనిషిని దాటిపోతే పెంపకాన్ని తిడతారు. ఒకరోజు నీలమ్మ మునక్కాయలు కోస్తుంటే వచ్చిన కొద్ది మాటలూ కూడగట్టుకుని అడిగింది.

"పెద్దమ్మా, పని చేసే మనిషికి ఏం చెప్పాలి?"

"ఏం చెప్తం? ఏం జేస్తున్నవ్ అని అడుగుతం."

"కళ్లకు కనబడుతోంది కదా, ఏం చేస్తోందో!"

నీలమ్మ కత్తిపీట పక్కకు పెట్టి మరీ నవ్వింది. "కనబడ్డా అడగాలె బిడ్డా. లేకుంటే తిన్నవా అని అడుగు. గది ఏ యాళ్లకైనా, యాడనైనా పనికొస్తది."

ఆ మర్నాటి నుంచి మొరెనికె సందులో కనబడ్డ ప్రతి మనిషినీ "తిన్నరా?" అని అడగడం మొదలుపెట్టింది. ఇస్త్రీ బండి ఆయనను అడిగింది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను అడిగింది. సిమ్ కార్డు అమ్మే కుర్రాళ్లను అడిగింది. బ్యాంకులో కౌంటర్ వెనక ముఖం గంటు పెట్టుకుని కూర్చున్న అమ్మాయిని అడిగితే, ఆ అమ్మాయి కంప్యూటర్ మీంచి తలెత్తి, "లేదండీ, ఇంకా లేదు" అని దిగులుగా చెప్పి, ఆమె పని ముందు చేసిపెట్టింది. నెల తిరిగేసరికి సందులో ఆమెనే జనం ముందుగా అడుగుతున్నారు.

ఒక్క సరోజమ్మ మాత్రం అంటీముట్టనట్టు ఉండేది. ఆమెది కడప జిల్లా. కొడుకూ కోడలూ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తుంటే వాళ్లతో మధ్య అంతస్తులో ఉంటోంది. మొరెనికె మెట్ల మీద ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది. అది కోపంలా అనిపించేది కాదు; ఏం మాట్లాడాలో తెలియని బిగువు.

ఆ బిగువు తీరింది మొరెనికె నీళ్లోసుకున్నాక. వేవిళ్లతో ఆమెకు అన్నం సయించలేదు, రొట్టె సయించలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు పెండలం పిండి అడుగంటింది. దానితో చేసే గోధుమరంగు ముద్దను వాళ్లు అమలా అంటారు. రాత్రీ పగలూ అదే గుర్తుకొస్తోంది. ఒక మధ్యాహ్నం మెట్లు దిగుతూ సరోజమ్మ గుమ్మం ముందు టక్కున ఆగిపోయింది. లోపల సరోజమ్మ పళ్లెం ముందు కూర్చుని ఉంది. పళ్లెంలో నున్నగా, గుండ్రంగా, గోధుమరంగులో ఆవిరి కక్కుతూ ఒక ముద్ద.

"అమలా!" అంది మొరెనికె, తనకు తెలియకుండానే.

సరోజమ్మ తలెత్తింది. "అమలా? ఆ పేరుతో ఈడ ఎవురూ లేరే."

మొరెనికె కళ్లలో నీళ్లు తిరిగాయి. ముద్ద వైపు వేలు చూపించింది. చూపించాక సిగ్గుపడి వెనుదిరిగింది. సరోజమ్మ కడుపుతో ఉన్న పిల్లను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. అంతే, బిగువంతా ఏమైపోయిందో. "యాడికి పోతాండావు? రామ్మా, కూచో. ఇది రాగిసంగటి. నీ అమలా ఏందో నాకు తెలీదు, తిని సూడు." ఇంకో పళ్లెంలో ముద్ద పెట్టి, గుంట చేసి నెయ్యేసి, పక్కన పుల్లగూర వడ్డించింది.

మొరెనికె చెయ్యి కడుక్కుంది. ముద్ద తుంచి, వేళ్లతో గుండ్రంగా చేసి, పుల్లగూరలో అద్ది, నమలకుండా గుటుక్కున మింగింది. ఇంకొకటి మింగింది. వాంతి రాలేదు. సరోజమ్మ తన అన్నం మాట మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. సంగటిని నమలకూడదని హైదరాబాద్‌లో ఎవరికీ తెలియదని ఆమెకు ఎన్నాళ్లుగానో బాధ.

"నా కోడలికి ఇన్నేండ్లుగా సెప్తాండా, రాలేదు," అంది చివరికి. "నువ్వు మా ఊర్లో పుట్టాల్సింది."

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఒక ముద్ద పై అంతస్తుకు ఎక్కేది. ఈ సంగతి తెలిసి నీలమ్మ ఊరుకుంటుందా? "నా గట్క ముందల నీ సంగటి ఎంత?" అని జొన్న గట్క కాచి, పుంటికూర పప్పుతో తెచ్చేది. ఇద్దరూ ఒకరి గిన్నె ఒకరు చూసుకుంటూ ఎదురెదురుగా కూర్చునేవారు. మొరెనికె రెండూ తినేది.

పురుడు పోయడానికి తల్లి అబికె ఇబాదన్ నుంచి రావాలి. కూతురి మొదటి పురిటికి తల్లి చెయ్యి పడాలన్నది వాళ్లలోనూ ఆనవాయితీ. కానీ వీసా ఆలస్యమైంది. ఈలోగా ఏప్రిల్ ఎండల్లో, డాక్టరు చెప్పిన తేదీకి ముందే మొరెనికెకు నొప్పులు మొదలయ్యాయి. బొలాజీ ఆఫీసులో ఉన్నాడు. సాయిలు ఆటో పిలుచుకొచ్చాడు. నీలమ్మ ఎక్కి కూర్చుంది. సరోజమ్మ పొయ్యి మీది పాలు దించి, తలుపుకు తాళం వేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. దారంతా చెరో చెయ్యీ పట్టుకుని, ఒకరు ఎల్లమ్మను, ఒకరు వెంకన్నను తలుచుకున్నారు. మొరెనికె తన దేవుణ్ణి తలుచుకుంది.

దవాఖానలో నర్సు తెల్లటి గుడ్డలో చుట్టిన పాపను తీసుకుని బయటికొచ్చి, "అమ్మమ్మ ఎవరు?" అంది.

"నేనే," అంది నీలమ్మ.

"నేనే," అంది సరోజమ్మ.

నర్సు పాప ముఖం చూసింది, వాళ్లిద్దరి ముఖాలూ చూసింది, ఏమనాలో తోచక దగ్గరున్నావిడ చేతుల్లో పెట్టింది. ఈ కథ సరోజమ్మ తర్వాత సందంతా చెప్పింది. పాప ముందు తన చేతిలోకే వచ్చిందని చెప్పడం మరువలేదు.

ఇంటికి వచ్చాక మొరెనికె పురిటి మంచం మీద రాణిలా అయిపోయింది. నీలమ్మ పొద్దున్నే నడుముకు పాత చీర బిగించి కట్టేది. వేడినీళ్లు పోసేది. సరోజమ్మ మిరియాల చారు, వెల్లుల్లి కారం, నెయ్యన్నం పెట్టేది. వీడియో కాల్‌లో అవన్నీ చూసి అబికె, "మంచిదే, మంచిదే, మనమూ అదే చేస్తాం" అంది. అన్నదే గాని, గొంతులో ఒక జీర మొరెనికెకు వినిపించింది.

అబికె వచ్చిన రోజు పాపకు స్నానం జరుగుతోంది. శంషాబాద్ నుంచి రెండు పెద్ద పెట్టెలతో, తలకు ఎత్తుగా చుట్టిన నీలం గుడ్డతో ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి, పాప నీలమ్మ కాళ్ల మీద ఉంది. "రా అక్కా, రా! సూడు నీ మనుమరాలు ఎట్లున్నదో!" అని నీలమ్మ సంబరంగా కేకేసింది. అబికె నవ్వింది. చేతులు కడుక్కుని సోఫా అంచున కూర్చుంది. సాయంత్రం దాకా తలగుడ్డ తియ్యలేదు.

"ఏమయిందమ్మా?" అని మొరెనికె తమ భాషలో అడిగింది.

"ఏమీ కాలేదు. నేను వచ్చేసరికే అన్నీ అయిపోయాయి. చుట్టపుచూపుగా వచ్చినట్టుంది." కాస్త ఆగి, "రేణుక ఎవరు? నేను ఆ పేరు పెట్టలేదే" అంది.

మర్నాడు అబికె బాత్రూంలోకి పాపను తీసుకెళ్లి తనే లాల పోసింది. కాళ్లూ చేతులూ సాగదీసి, చివర్లో వాళ్ల ఊరి పద్ధతిలో పాపను పైకి ఎగరేసి పట్టుకుంది. పిల్లకు గుండె ధైర్యం రావాలని అలా చేస్తారు. సరిగ్గా అప్పుడే వేడినీళ్ల గిన్నెతో నీలమ్మ గుమ్మంలోకి వచ్చింది. పాప గాలిలో ఉంది.

"అయ్యో! పసిబిడ్డను ఎగరేస్తవా!" గిన్నె జారి నేల మీద దొర్లింది. నీలమ్మ ఒక్క ఉదుటున వెళ్లి పాపను పట్టుకుంది. అబికె వదల్లేదు. మొరెనికె పడుతూ లేస్తూ వచ్చేసరికి ఇద్దరూ చెరో వైపు పట్టుకుని, చెరో భాషలో ఒకటే మాట అంటున్నారు: పిల్లను చంపేస్తావా?

ఆ సాయంత్రమే నీలమ్మ అలవాటు కొద్దీ సాంబ్రాణి పొగ పట్టుకొచ్చింది. అబికె దగ్గుతూ, పిల్లకు ఊపిరాడదని చెంబెడు నీళ్లు తెచ్చి నిప్పుల మీద కుమ్మరించింది. చుయ్యిమని చప్పుడైంది. నీలమ్మ తడిసిన బూడిదను చూసింది. "సరే. కన్నతల్లి వచ్చింది గద. ఇగ నాతోని ఏం పని?" అని మెట్లు దిగిపోయింది.

తర్వాత మొరెనికెకు ఏదీ రుచించలేదు. పొద్దున మెట్ల మీద నీలమ్మ గాజుల చప్పుడు వినిపించడం లేదు. తల్లిని ఏమీ అనలేదు, నీలమ్మ దగ్గరికి వెళ్లలేదు. సరోజమ్మ వచ్చి, "ఇద్దరూ మొండోళ్లే. అదే కుదురుకుంటాదిలే, నువ్వు తిను" అని పళ్లెం పెట్టిపోయేది.

కుదిర్చింది నీళ్ల ట్యాంకర్. ఆ వారం అది వస్తానని రాలేదు. పైన ట్యాంకు ఖాళీ. కొళాయి తిప్పితే గాలి తప్ప మరేమీ రాలేదు. పాప చెమటకు చిరచిరలాడుతూ ఒకటే ఏడుపు. ఇల్లు మొత్తానికి నీళ్లున్నది కింద వాకిట్లో నీలమ్మ డ్రమ్ములోనే. బొలాజీ అడిగి తెస్తానని లేచాడు. అబికె చెయ్యి అడ్డం పెట్టింది. పాపను భుజాన వేసుకుని, తువ్వాలు తీసుకుని తనే మెట్లు దిగింది. మొరెనికె గోడ పట్టుకుని మెల్లగా వెనక వెళ్లి, మెట్ల మలుపులో నిలబడిపోయింది.

నీలమ్మ డ్రమ్ము పక్కనే నిలుచుని ఉంది. అబికె ఆమెకు తల వంచి నమస్కారం చేసింది. తర్వాత బట్టలుతికే బండ పక్కన చతికిలబడి, చుట్టుగుడ్డ మోకాళ్ల దాకా లాక్కుని, కాళ్లు రెండూ బారజాపి, పిక్కల మధ్య పాపను పడుకోబెట్టుకుంది.

నీలమ్మ ఆ కాళ్లనే చూస్తోంది. "మా అమ్మ గూడ గిట్లనే కూసునేది," అంది, ఎవరితోనో కాదు, తనలో తను.

లోపలికి వెళ్లి కాగిన నీళ్లు తెచ్చింది. చన్నీళ్లు కలిపి మోచెయ్యి ముంచి చూసింది. అబికె కూడా మోచెయ్యి చాచింది. ఇద్దరి మోచేతులూ ఒకే గిన్నెలో మునిగాయి. ఇంకొంచెం చన్నీళ్లు పొయ్యమని అబికె సైగ చేసింది. నీలమ్మ పోసింది. తర్వాత ఒకరు చెంబుతో సన్నగా ధార పోస్తుంటే ఇంకొకరు కళ్లలో పడకుండా పాప నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టారు. నీళ్లు ఒక్క చుక్క వృథా పోలేదు.

ఒళ్లు తుడిచాక అబికె పాపను పైకెత్తి ఆగింది. నీలమ్మ వైపు చూసింది. నీలమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. అబికె జానెడు ఎత్తు మాత్రం ఎగరేసింది. పాపకు ఎక్కిళ్లు వచ్చాయి, ఏడుపు ఆగిపోయింది. రెండోసారికి నీలమ్మ ఒక కన్ను తెరిచింది.

తర్వాత నీలమ్మ సాంబ్రాణి గిన్నె తెచ్చి దూరంగానే నిలబడింది. అబికె కాసేపు ఆలోచించి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి "ఇంతే" అన్నట్టు చూపింది. నీలమ్మ చిటికెడంటే చిటికెడే వేసింది.

మెట్ల మలుపులో మొరెనికె అరచేత్తో ముఖం తుడుచుకుంది. ట్యాంకర్ సాయంత్రానికి వచ్చింది. అయినా మర్నాటి నుంచి పాప లాల వాకిట్లోనే.

ఇక మిగిలింది పేరు పెట్టే పండుగ. యొరుబా వాళ్లు ఎనిమిదో రోజున పెడతారు. ఆ రోజు బొలాజీ తండ్రి ఫోన్‌లోనే "టితిలాయో" అని పెట్టాడు, తరగని సంతోషం అని అర్థం. పండుగ మాత్రం అబికె వచ్చేదాకా ఆగింది. ఇరవై ఒకటో రోజు మంచిదని నీలమ్మ అంది. అబికె పెట్టె తెరిచి, పసుపు మీద ఎర్రని పెద్ద పువ్వులున్న గుడ్డ తాను మంచం మీద పరిచింది. ఇలాంటి శుభకార్యానికి ఇంటివాళ్లంతా ఒకే గుడ్డ కట్టాలి, అది వాళ్ల ఆచారం. ఇంటివాళ్లందరూ సముద్రం అవతల ఉన్నారు. తాను మాత్రం చాలా పెద్దది.

అబికె ఆ గుడ్డ అంచు తీసి నీలమ్మ భుజం మీద వేసి చూసింది.

"నాకా? గింత పెద్ద పూలా?" అని నీలమ్మ సిగ్గుపడింది. గంటలోపే ఆది జాకెట్టు తెచ్చి ఇచ్చింది. సరోజమ్మ రెండు జాకెట్లు తెచ్చింది, ఏది బాగా కుదిరిందో చూసుకోమని. మొరెనికె గదిలో మూలనున్న తన కుట్టుమిషన్ ముందు కూర్చోబోతే ముగ్గురూ ఒక్కసారే అరిచారు, బాలింత మిషన్ తొక్కకూడదని. అబికె ఆ చిన్న జాకెట్టును అటూ ఇటూ తిప్పి, "ఇందులో మనిషి పడుతుందా?" అని కూతుర్ని అడిగి, హుక్కులు ఎదర ఎందుకు, వీపు అంత లోతెందుకు అని విస్తుపోతూనే కుట్టింది. కుడుతూ నీలమ్మకు కూతురి పేరు నేర్పింది. మొ, రె, ని, కె. నీలమ్మ తప్పు లేకుండా అప్పజెప్పి, ఆ వెంటనే "రేణుకా, జర నీళ్లియ్యి" అంది. అబికె నవ్వి ఊరుకుంది.

పండుగనాడు వాకిట్లో షామియానా వేశారు. ముగ్గురు అమ్మమ్మలూ ఎర్రపూల గుడ్డలోనే: ఇద్దరికి చీరల మీద జాకెట్లు, ఒకరికి నిలువెల్లా. సాయిలుకు దాంతోనే చొక్కా కుట్టారు. ఆయన సందు చివరిదాకా పనిలేకపోయినా రెండుసార్లు వెళ్లొచ్చాడు. అబికె పాప నాలుకకు తేనె రాసి, చెవిలో "అజోకె" అంది. అందరూ కలిసి అల్లారుముద్దుగా పెంచుకునే పిల్ల అని బొలాజీ అర్థం చెప్పాడు. ఇష్టమున్న పెద్దలెవరైనా ఇంకో పేరు పెట్టవచ్చని కూడా చెప్పాడు.

"ఎవలైనా అంటే నేను గూడనా?" అని నీలమ్మ ముందుకొచ్చి, తన తల్లి పేరు నర్సమ్మ అని పెట్టింది. సరోజమ్మ తన వంతుగా భార్గవి అని పెట్టింది.

"టితిలాయో అజోకె నర్సమ్మ భార్గవి," అని సాయిలు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "గింత పేరు పాస్‌పోర్టుల పడుతదా బాలాజీ?"

భోజనాలప్పుడు సంగటి పక్కన అబికె వండిన ఎర్రటి మిరప అన్నం, దాని పక్కన మటన్ కూర వడ్డించారు. ఆ మిరప కారానికి సరోజమ్మ ఒక్కతే చలించలేదు. సందులోని వాళ్లంతా ముక్కులు తుడుచుకుంటూ రెండోసారి అడిగి వేయించుకున్నారు.

నాలుగింటికి జనం పలచబడ్డారు. మొరెనికె పాపను తీసుకుని పైకి వచ్చి పడుకోబెట్టింది. బొలాజీ అన్నం మళ్లీ వేడి చేసి ఆమెకు పళ్లెం తెచ్చిపెట్టి కుర్చీలు సర్దడానికి దిగిపోయాడు. కింద వాకిట్లోంచి ముగ్గురు ముసలమ్మల గొంతులు వినబడుతున్నాయి. ఒకరు ఏదో చెబుతున్నారు, ఇంకొకరు అడ్డం తగులుతున్నారు, అంతలో ముగ్గురూ పకపకా నవ్వుతున్నారు. ఒకరి మాట ఒకరికి ఏం అర్థమవుతోందో! వెళ్లి అర్థం చెప్పాలేమోనని మొరెనికె లేచి గుమ్మం దాకా వెళ్లింది. మళ్లీ పెద్దగా నవ్వు వినిపించింది. ఆమె వెనక్కి వచ్చి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పాప పుట్టాక మొదటిసారి ఎవరి కోసమూ లేవక్కర్లేకుండా, అన్నం వేడివేడిగా ఉండగానే తినడం మొదలుపెట్టింది.